లేని దూడ

మూడొద్దుల ముసురు రాత్రి ఎప్పుడో ఎలిసింది.
తెల్లారి తలుపు తీస్తే
చందంపేట గుట్టలు లేవు.
తడిబట్టతో పలక తుడిచినట్టు
బూడిదరంగు మరక ఒక్కటి మిగిలింది.

ఆదివారం. బడి లేదు, బట్టలు ఆరవు.
శాలువ కప్పుకొని రబ్బరు చెప్పులేసుకొని
ఊకనే నడుద్దామని బయల్దేరిన.

ఎర్రచెల్క ఉన్నంతసేపు బాట మంచిదే.
నీళ్లు తాగి, ఇసుక తేలి,
అడుగును అడుగులాగే అచ్చేసుకుంది.
చిన్నవాగు దాటి రేగడిలో కాలు పెట్టిన్నో లేదో
మట్టి నన్ను పట్టుకుంది,
బాకీ ఉన్నోన్ని సంతల పట్టుకున్నట్టు.
అడుగుకింత అడుగుకింత
చెప్పుల కింద మెత్తలు మెత్తలుగా పెరిగి
పది గజాలు పోయేసరికి
నేను మా అన్నంత ఎత్తయిన.
కందిపుల్లతో గీకి పారేస్తే
మళ్లీ పొట్టిదాన్నే.

మంచులో ఆడోళ్లు నిలబడి ఉన్నరు, వరసగా,
నీలం, పసుపు, చిలకపచ్చ చీరల్లో,
ఉలుకూ పలుకూ లేకుండ.
దగ్గరికి పోతే
అడివిపందులు రాకుండ చేను చుట్టూ కట్టిన
పాత చీరలు.
ఒక కొంగు మీద ఇంకా జరీ మెరుస్తుంది.
ఎవరి పెండ్లిదో.

చీరల అవతల దగ్గు.
తర్వాత బీడీ నిప్పు.
ఆ తర్వాత మనిషి.

"ఎవరది?"
"నేనే, టీచర్ని."
"గింత పొద్దుగాల ఇటెందుకొచ్చినవమ్మా? ఏం పోయింది?"

ఊకనే అనబోయిన.
రాత్రంతా మంచె మీద కూసున్న మనిషి ముందు
ఆ మాట నోట్లోంచి రానీకి సిగ్గుపడ్డది.
"దూడ" అన్న.

దూడ లేదు నాకు.
అద్దె ఇల్లు. పాలు ప్యాకెట్లవి.

కేతావత్ హర్యా కర్ర తీసుకొని లేచిండు.
రంగు అడిగిండు.
"ఎర్రది. నొసట తెల్ల చుక్క."
చుక్క పెట్టంగనే
అది చెవులు విదిలించుకొని లేచి నిలబడ్డది,
ఇద్దరి మధ్యల.

అడివంచున పడ్డం.
టేకాకుల మీంచి నిన్నటి వాన
ఇయ్యాల కురుస్తుంది.
నేను పిల్లల నోట్సులు దిద్దినట్టు
ఆయన వంగి బురద చదువుతుండు.
"ఇది పంది. ఇది నెమలి.
ఇది నక్క, రాత్రిది.
ఇది నువ్వే."
"నేనా?"
"చుట్టు తిరిగి అక్కడికే వచ్చినం.
చూడు, నీ ఎడమ చెప్పు వారు తెగింది."
చూసుకుంటే నిజంగనే తెగింది.

పత్తిచేన్ల సాలమ్మ ఎదురైంది.
పగిలిన కాయల్లోంచి పత్తి
తడిసిన కోడిపిల్లల లెక్క వేలాడుతుంది.
క్వింటాలుకు ఎంత కోత పెడ్తరో
వేళ్ల మీద లెక్కేసుకుంటనే అన్నది,
"నొసట చుక్కదే గద?
గిప్పుడే వాగు దిక్కు పోయె."

హర్యా నా దిక్కు చూసిండు, గెలిచినట్టు.
నేను సాలమ్మ దిక్కు చూసిన.
ఆమె అబద్ధమాడే మనిషి గాదు.

వాగుకాడ మంచు ఇంకా చిక్కన.
ఎదుటి మోదుగు కొమ్మ కూడ కనబడదు.
అప్పుడు గంట.
ఒక్కసారే, మెడ తిప్పినప్పటి గంట.
ఎందుకో తెల్వదు, నేను ఉరికిన.
పిక్కల దాక దిగబడి, శాలువ ముండ్లకు పట్టి,
తెగిన చెప్పు బురద మింగి,
నాకు పేరు కూడ పెట్టని దూడను
"రావే, రావే" అని పిలుసుకుంట.

పొద్దెక్కి మంచు లేచింది.
గుట్టలు ఒక్కొక్కటే వాపసొచ్చినయి.
ఇసుకలో ఒడ్డుమీద
చిన్న చిన్న గిట్టల గుర్తులు,
నీళ్లు ఊరుతున్నవి.
ఎవరివైనా కావచ్చు.

బుధవారం సంతల హర్యా కనబడి అడిగిండు,
"దొరికిందా?"
"ఇంకా లేదు" అన్న.
"గడ్డి ఎండినంక అదే వస్తదిలే" అన్నడు.

సరే అని, పోబోయి, ఆగి చెప్పిన,
వాగు దిక్కు పోతే జర చూడమని,
ఎడమకాలి చెప్పు,
నీలం వారుది.
అదొక్కటి నిజంగ పోయింది.